అమెరికా వీసా చట్టాలు – భారతీయ నర్సుల అర్హత నిరూపణ (1965–2005)

భారతీయ నర్సుల అమెరికా వలసను చర్చించే రచనలు సాధారణంగా 1965 నాటి వలస చట్టంతో మొదలవుతాయి. దేశాలవారీ పాత కోటాలను రద్దుచేసి, వృత్తి నైపుణ్యం గలవారికి ఆ చట్టం ప్రాధాన్యమిచ్చిన మాట వాస్తవమే. అయితే వీసా పొందడమూ, నర్సుగా పనిచేసే హక్కు పొందడమూ ఆనాడు ఒకటి కావు. వీసా ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం. లైసెన్సు ఇచ్చేది రాష్ట్రాల బోర్డులు. ఈ రెంటి నడుమనున్న ఎడం భారాన్ని ఎవరు మోశారన్నది పరిశీలించదగిన ప్రశ్న.

తొలి దశలో ఆ భారం అమెరికా చేరిన తరువాత నర్సు మీద పడింది. స్వదేశంలో రిజిస్టర్డ్ నర్సులుగా పనిచేసి వెళ్ళినవారిలో అత్యధికులు అక్కడి లైసెన్సు పరీక్షలో ఉత్తీర్ణులు కాలేదు. పలువురు తక్కువ జీతానికి సహాయకులుగా కుదురుకోవలసి వచ్చింది. ఈ స్థితిని నివారించడానికే అమెరికన్ నర్సుల సంఘం, నేషనల్ లీగ్ ఫర్ నర్సింగ్ కలిసి 1977లో సీజీఎఫ్ఎన్ఎస్ అనే సంస్థను నెలకొల్పాయి. 1978 నుంచి అభ్యర్థులకు ప్రయాణానికి ముందే అర్హత పరీక్ష జరపసాగారు. దీనిని నర్సులకు కల్పించిన రక్షణగానే చూడడం సగం సత్యం. ఓటమి ఖర్చు, నిరీక్షణా కాలం అమెరికా ఆసుపత్రి నుంచి అభ్యర్థి ఇంటికి బదిలీ కావడం మిగతా సగం.

1989 చట్టం నర్సులకు హెచ్-1ఏ అనే ప్రత్యేక వీసాను సృష్టించింది. అది 1995లో ముగిసింది. నిర్ణాయకమైన మార్పు 1996లో వచ్చింది. ఆ ఏటి వలస చట్టంలోని 343వ సెక్షను చదువు, లైసెన్సు, ఆంగ్ల సామర్థ్యాల ధ్రువపత్రాన్ని వీసాకే షరతు చేసింది. బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో చదివినవారికి ఆంగ్ల పరీక్ష నుంచి మినహాయింపు లభించింది. బీఎస్సీ నర్సింగును ఆంగ్లంలోనే బోధించే భారతదేశానికి లభించలేదు. ఇక్కడ భాష కంటే దేశమే కొలమానమైందని చెప్పక తప్పదు.

ఈ వలసపై వెలువడిన ముఖ్య గ్రంథాల్లో కేథరిన్ సెనిజా చోయ్ 'ఎంపైర్ ఆఫ్ కేర్' (2003) ఫిలిప్పీన్స్ నర్సులకు, షీబా మరియం జార్జ్ 'వెన్ విమెన్ కమ్ ఫస్ట్' (2005) కేరళ నర్సులకు సంబంధించినవి. తెలుగు నర్సు వాటి పరిధిలో లేదు. తెలుగునాట నర్సు శిక్షణకు అమెరికాతో ఉన్న సంబంధం మాత్రం పాతదే: లూథరన్ మిషన్ పంపిన అమెరికన్ వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ 1898లో గుంటూరులో ఆసుపత్రి తెరచి, నర్సుల శిక్షణకు బాట వేశారు. నూరేళ్ళకు అమెరికా చట్టం కోరిన రుజువుల్లో ఆ చరిత్రకు విలువ లేదు.

ధ్రువపత్రం చేతికొచ్చినా అసలు లైసెన్సు పరీక్ష, ఎన్‌క్లెక్స్, చాలాకాలం అమెరికా భూభాగంలోనే జరిగేది. గ్వామ్, సైపాన్ దీవుల పేర్లు ఆసియా నర్సులకు పరిచితమైంది అందువల్లనే. 2005లో తొలిసారి బయట కేంద్రాలు తెరచినప్పుడు ఎంపికైనవి లండన్, సియోల్, హాంకాంగ్. భారతదేశపు కేంద్రాలు ఆ తరువాత వచ్చాయి. వాటిలో హైదరాబాదు ఒకటి.