ప్రాచీన గ్రంథాలు తెరమీదికి వచ్చిన దారి

మృతసముద్రం దగ్గరి కుమ్రాన్ గుహల్లో తోలుచుట్టలు 1947లో బయటపడ్డాయి. నలభై ఏళ్లు గడిచినా నాలుగో గుహలో దొరికిన తునకల్లో చాలా భాగం అచ్చుకు నోచుకోలేదు. జెరూసలేంలోని రాక్‌ఫెల్లర్ మ్యూజియంలో ఉన్న ఆ తునకలను చదివే హక్కు 1950లలో ఏర్పడిన ఒక చిన్న పండిత బృందానిది. ఆ తర్వాత అది వాళ్లు ఎంచుకున్నవారికి, వాళ్ల శిష్యులకు సంక్రమించింది. బయటివాళ్లు ఎంత అడిగినా ఎదురుచూడక తప్పేది కాదు. హీబ్రూ చదువుకే జీవితం ధారపోసిన ఆచార్యులు కూడా ఆ వాక్యాలు చూడకుండానే కన్నుమూశారు.

ఆ బృందం తన సొంత అవసరానికి ఒక పదసూచిక తయారుచేసుకుంది. బైబిలు చదివేవాళ్లు కాంకార్డెన్సు అంటారే, అదే. మాటకొక కార్డు. కార్డు మీద ఆ మాట, దానికి ముందూ వెనకా ఉన్న మాటలు, అది ఏ తునకలో ఎన్నో వరుసలో ఉందో రాసి ఉంటుంది. 1988లో ఆ కార్డులకు అతి కొద్ది ప్రతులు తీశారు. వాటిలో ఒకటి అమెరికాలోని సిన్సినాటిలో ఉన్న హీబ్రూ యూనియన్ కాలేజీకి చేరింది. అక్కడ ఆచార్యుడు బెన్ జియోన్ వాఖోల్డర్. అప్పటికే ఆయనకు చూపు దాదాపు పోయింది. ఆయన విద్యార్థి మార్టిన్ అబెగ్ కార్డుల్లోని వివరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఒక మాట తర్వాత ఏది వస్తుందో ప్రతి కార్డూ చెబుతుంది కనుక, కార్డు వెంట కార్డు పట్టుకుని పోతే వరుస తయారవుతుంది, వరుసలు కలిస్తే పుట. అసలు తోలును కళ్లతో చూడకుండానే దాని మీది పాఠాన్ని వాళ్లు తిరిగి కట్టారు. 1991 సెప్టెంబరులో బిబ్లికల్ ఆర్కియాలజీ సొసైటీ దాన్ని ప్రచురించింది. అదే నెలలో కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ లైబ్రరీ, తన దగ్గర భద్రపరచిన తునకల ఫొటోలను పరిశోధకులెవరైనా చూడవచ్చని ప్రకటించింది. ఆ ఏడాది ముగిసేలోపే ఇజ్రాయెల్ పురావస్తు శాఖ ఆంక్షలు ఎత్తేసింది.

ప్రాచీన గ్రంథాల అధ్యయనంలో కంప్యూటర్ చేసిన అన్ని మేళ్లలోకీ ఇదే పెద్దదని నా అభిప్రాయం. వేగం సంగతి పక్కన పెట్టండి. మూలాన్ని ఎవరు చూడాలన్న ప్రశ్నకు జవాబే మారిపోయింది. దీనికి రెండో పక్క కూడా ఉంది. చిరుగుల మధ్య పోయిన మాటలను ఏళ్ల తరబడి ఊహించి పూరించిన పండితుడి శ్రమ ఎవరిది? హీబ్రూ పండితుడు ఎలిషా కిమ్రోన్ ఈ తునకల్లోనే తాను పునర్నిర్మించిన ఒక పాఠాన్ని అనుమతి లేకుండా అచ్చువేశారని కోర్టుకెక్కి 1993లో గెలిచాడు. తలుపులు తెరవాలనేవాళ్లు ఆ తీర్పునూ గౌరవంగానే చదవాలి.

ఈ కథకు వేళ్లు కంప్యూటర్ కంటే ముందునుంచే ఉన్నాయి. జేమ్స్ స్ట్రాంగ్ 1890లో ప్రచురించిన కాంకార్డెన్సు, బైబిలులోని ప్రతి హీబ్రూ, గ్రీకు మూలపదానికీ ఒక నంబరు ఇచ్చింది. గ్రీకులో 26 అంటే అగాపే, ప్రేమ. ఆ అక్షరాలు రానివాళ్లకు కూడా నంబరు పట్టుకుని మూలపదం దాకా వెళ్లే వీలు కలిగింది. ఇవాళ ఫోన్‌లో బైబిలు యాప్ తెరిచి మాట మీద వేలు పెడితే వచ్చే నంబరు చాలాచోట్ల ఆయనదే. ఆ నంబరు నిఘంటువు దాకానే తీసుకెళుతుంది. ఫలానా వాక్యంలో ఆ మాటకు ఏ అర్థం పొసగుతుందో అది చెప్పదు. నంబరు చూసి ప్రసంగం కట్టేసే అలవాటు మన చర్చిల్లోనూ ఉంది కాబట్టి ఈ సంగతి గట్టిగానే చెప్పాలి.

అలాంటి సూచికను యంత్రంతో చేయించాలని 1949లో రొబెర్తో బూసా అనే ఇటలీ జెసూయిట్ గురువు న్యూయార్క్ వెళ్లి ఐబీఎం అధిపతి థామస్ వాట్సన్‌ను కలిశాడు. మధ్యయుగపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ రచనల్లోని ప్రతి మాటకూ సూచిక కావాలన్నది ఆయన కోరిక. గల్లరాతే పట్టణంలో యువతులు ఏళ్ల తరబడి లాటిన్ వాక్యాలను పంచ్ కార్డుల మీదికి ఎక్కించారు. అచ్చయ్యేసరికి అది 56 సంపుటాలైంది. బూసా పేరు చరిత్రలో నిలిచింది. ఆ అమ్మాయిల్లో చాలామంది పేర్లు పుస్తకాల్లోకి ఎక్కలేదు.

గ్రీకుకు అలాంటి పని 1972లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైన్ ప్రాంగణంలో మొదలైంది. విద్యార్థిని మరియాన్ మెక్‌డొనాల్డ్ ఇచ్చిన విరాళమే పెట్టుబడి. హోమర్ నుంచి మొదలుపెట్టి గ్రీకు సాహిత్యమంతా యంత్రంలోకి ఎక్కించాలన్న ఆ పథకం పేరు థెసారస్ లింగ్వే గ్రేకే. అప్పటి కంప్యూటర్లకు గ్రీకు లిపి రాదు. డేవిడ్ ప్యాకార్డ్ బీటా కోడ్ అనే పద్ధతి కనిపెట్టాడు. థీటాకు క్యూ, ఒమేగాకు డబ్ల్యూ, స్వరం లేపి పలకాల్సిన చోట ఒక ఏటవాలు గీత. ఇంటర్నెట్ తొలినాళ్లలో అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఇది వింతగా తోచదు. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతోనే పద్యాలూ ఉత్తరాలూ టైపు చేసుకున్న తరం అది. యూనికోడ్ వచ్చేదాకా గ్రీకుదీ తెలుగుదీ ఒకే ఇక్కట్టు.

వెబ్ వచ్చాక వేగం పెరిగింది. 1980ల చివర్లో హార్వర్డ్‌లో గ్రెగరీ క్రేన్ మొదలుపెట్టిన పెర్సియస్ అనే డిజిటల్ గ్రంథాలయం మొదట సీడీగా, 1995 నుంచి వెబ్‌లో అందింది. హెరొడొటస్ వాక్యంలో ఒక మాట నొక్కితే అది ఏ విభక్తి, ఏ వచనం, ఏ ధాతువు నుంచి వచ్చిందో వస్తుంది, పక్కనే పెద్ద నిఘంటువు తెరుచుకుంటుంది. గురువు దొరకని ఊళ్లో ఉన్న విద్యార్థికి ఇది ఎంత పెద్ద ఆసరానో గ్రీకు నేర్చుకోవాలని ఒంటరిగా కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. ఫోర్డమ్ విశ్వవిద్యాలయపు చరిత్ర మూలగ్రంథాల సంకలనం 1996లో, బిల్ థేయర్ ఒక్కడే నడిపే ప్రాచీన రోమ్ సైటు లాకస్‌కర్టియస్ 1997లో మొదలయ్యాయి. ఇలాంటి సైట్ల వల్ల ఏం మారిందో ఒక ఉదాహరణ: మొదటి శతాబ్దపు గ్రీకు వర్తకుడి పుస్తకం ‘పెరిప్లస్’లో మసాలియా తీరం గురించి, అక్కడ విరివిగా నేసే సన్నబట్టల గురించి ఉంది. అది మన కృష్ణా తీరమని, ప్రాచీన భూగోళవేత్త టాలెమీ చెప్పిన కొంటకొస్సిల మన ఘంటసాల అని చరిత్రకారులు గుర్తిస్తారు. ఒకప్పుడు ఆ వాక్యం చూడాలంటే పెద్ద విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వెళ్లాలి. ఇప్పుడు ఘంటసాలలోనే కూర్చుని చదవవచ్చు.

చేతిరాత ప్రతుల విషయంలో మలుపు 2009. నాలుగో శతాబ్దపు గ్రీకు బైబిలు సీనాయి ప్రతిని 19వ శతాబ్దంలో జర్మన్ పండితుడు టిషెన్‌డార్ఫ్ సీనాయిలోని సెయింట్ కేథరిన్ మఠం నుంచి జర్మనీకీ రష్యాకీ తెచ్చిన తీరు మీద వివాదం నేటికీ చల్లారలేదు. సోవియట్ ప్రభుత్వం 1933లో అందులో పెద్ద భాగాన్ని లక్ష పౌండ్లకు బ్రిటన్‌కు అమ్మేసింది. అలా ఒకే పుస్తకం లండన్, లైప్‌జిగ్, సెయింట్ పీటర్స్‌బర్గ్, సీనాయిల మధ్య చీలిపోయింది. 2009 జులైలో నాలుగు సంస్థలూ కలిసి మిగిలిన ఆకులన్నిటినీ వెబ్‌లో ఒకచోట పెట్టాయి. మార్కు సువార్త చివరి పుట తెరిచి చూడండి. 16వ అధ్యాయం 8వ వచనంతో రాత ఆగిపోతుంది. కింద చిన్న అలంకారం, గ్రంథం పేరు, తర్వాత ఖాళీ. పక్క నిలువు వరుసలో లూకా మొదలవుతుంది. మన తెలుగు బైబిలులో కనిపించే మరో పన్నెండు వచనాలు అక్కడ లేవు. ఈ సంగతి వ్యాఖ్యానాల్లో ఎన్నిసార్లు చదివినా, లేఖకుడు వదిలిన ఖాళీని కళ్లతో చూడటం వేరు.

మట్టిపలకల లిపికి లాస్ ఏంజెలస్‌లో రాబర్ట్ ఎంగ్లండ్ నడిపిన డిజిటల్ గ్రంథాలయం, సుమేరు సాహిత్యానికి ఆక్స్‌ఫర్డ్ సంకలనం ఇదే మేలు చేశాయి. మృతసముద్రపు చుట్టల్లో ఏడు మీటర్లకు పైగా పొడవున్న యెషయా గ్రంథం 2011లో, పురావస్తు శాఖ దగ్గరున్న తునకలు 2012 నుంచి వెబ్‌లో అందరికీ కనిపిస్తున్నాయి.

అయితే ఏదీ శాశ్వతం కాదు. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగి బ్రిటిష్ లైబ్రరీ డిజిటల్ ప్రతులు నెలల తరబడి అందకుండా పోయాయి. పరిశోధనలు మధ్యలో నిలిచాయి. థెసారస్ పూర్తి పాఠాలకు చందా కట్టాలి. అది మన కాలేజీల్లో ఎన్నిటికి సాధ్యం? తెరిచి ఉంచడానికి కూడా ఏటేటా డబ్బూ మనుషులూ కావాలి. ఈ ఖర్చును పురాతన కట్టడాల సంరక్షణతో సమానంగా ప్రభుత్వాలు భరించాలని నేను నమ్ముతాను.

ఇప్పుడు చూడటమే కాదు, విప్పలేనివి చదవడమూ మొదలైంది. ఇజ్రాయెల్‌లోని ఎన్ గెదిలో 1970లో దొరికిన చుట్ట కాలి బొగ్గయింది, తాకితే పొడి అవుతుంది. కెంటకీ విశ్వవిద్యాలయపు బ్రెంట్ సీల్స్ దాని సీటీ స్కాన్ ఆధారంగా పొరలను కంప్యూటర్‌లోనే విప్పాడు. లేవీయకాండము మొదటి రెండు అధ్యాయాల వాక్యాలు బయటికొచ్చాయి. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిదలో పూడిపోయిన హెర్క్యులేనియం పట్టణపు గ్రంథాలయం చుట్టల స్కాన్లను ఆయన బృందం మరికొందరితో కలిసి 2023లో పోటీ పెట్టి అందరికీ విడుదల చేసింది. ఆ అక్టోబరులో ల్యూక్ ఫారిటర్ అనే కాలేజీ విద్యార్థి ‘ఊదారంగు’ అనే అర్థమున్న గ్రీకు మాటను గుర్తించాడు. కొద్ది నెలలకే అతనూ, బెర్లిన్‌లో చదువుతున్న ఈజిప్టు యువకుడు యూసెఫ్ నాదెర్, స్విట్జర్లాండ్‌లోని జూలియన్ షిలిగర్ కలిసి రెండువేలకు పైగా అక్షరాలు చదివి 7 లక్షల డాలర్ల బహుమతి గెలిచారు. అది సుఖం గురించిన తత్వచర్చ. ఆ ముగ్గురూ కంప్యూటర్ విద్యలో ఆరితేరినవాళ్లే గాని గ్రీకు పండితులు కారు. వాళ్లు తేల్చిన అక్షరాలను పపైరస్ పండితులు పరీక్షించి, ఒప్పుకుని, చదివి చెప్పారు. అదే గ్రంథాలయానికి చెందిన వందల చుట్టలు ఇంకా విప్పకుండా నేపుల్స్‌లో ఉన్నాయి. ఇప్పటిదాకా విడుదలైన స్కాన్లను మాత్రం ఎవరైనా దించుకోవచ్చు.