గంజాం తీరం: ఉప్పెన నుంచి మహమ్మారి దాకా

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకూ గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక జిల్లా. ఆనాడు సరిహద్దు గీత మారింది గాని సముద్రపు ఒడ్డున మాట మారలేదు. గోపాలపూరుకు అటూ ఇటూ ఉన్న జాలరి పల్లెల్లో ఇంటి భాష నేటికీ తెలుగే. ఒడియావారు వీరిని నోళియాలంటారు. వీరిలో చాలామందిని మన ఉత్తరాంధ్ర వాడుకలో వాడబలిజలంటాం. ఆంధ్రేతర ప్రాంతాల తెలుగువారి చరిత్ర అనగానే మనకు బరంపురం పండితులూ సాహిత్య సంస్థలూ గుర్తుకొస్తాయి. ఒడ్డున ఉన్నవారి చరిత్రను వెదికేవారు తక్కువ. ఆపద కాలంలో ఆ పల్లెలు ఎలా నడిచాయి, ఎవరి మాట విన్నాయి అన్నది మాత్రమే ఇక్కడ పరిశీలించదలచాము.

1999 అక్టోబరులో ఒడిశా మీద పన్నెండు రోజుల వ్యవధిలో రెండు తుఫానులు వచ్చాయి. మొదటిది 17వ తేదీన గంజాం తీరాన్నే తాకింది. సహాయ యంత్రాంగమంతా ఇటు తిరిగి ఉండగానే, 29న రెండవది పారాదీప్ దగ్గర తీరం దాటింది. గంటకు 260 కిలోమీటర్ల గాలి, దానితో ఉప్పెన. మృతులు దాదాపు పదివేలమంది. వారిలో అత్యధికులు ఒక్క జగత్‌సింగ్‌పూర్ జిల్లావారు. తీరమంతటికీ పక్కా తుఫాను ఆశ్రయాలు రెండు డజన్లకు మించి లేవు. రోడ్లు, ఫోన్లు తెగిపోయి రాజధాని భువనేశ్వరే ఒంటరిదైంది. రేవుల్లో ఎగరవేసే ప్రమాద సూచికల్లో పదకొండవది ఒకటుంది. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. ఆ వారం రాష్ట్రంలో ఎక్కువ భాగం ఆ పదకొండవ నంబరు కిందే బతికిందనవచ్చు.

గాలి తగ్గాక రెండో దెబ్బ నీటిది. బావుల్లో ఉప్పునీరు చేరింది, చెరువుల్లో పశువుల కళేబరాలు తేలాయి. కొద్దిరోజులకే అతిసార, కలరా. తుఫాను అంటే వాతావరణశాఖ వ్యవహారమనీ, రోగం అంటే ఆరోగ్యశాఖ వ్యవహారమనీ కాగితం మీద విడదీసిన గీత అక్కడే చెరిగిపోయింది. బ్లీచింగ్ పౌడరు ఏ గోదాములో ఉందో ఒకరికి తెలుసు. ఏ బావి నీళ్లు ఊరంతా తాగుతుందో మరొకరికి తెలుసు. వీరిద్దరూ ముందే ఎరిగినవారై ఉంటేనే మందు బావిదాకా చేరుతుంది.

హెచ్చరికలు అసలు లేవని కాదు, ఉన్నాయి. అవి ఎవరి నోట, ఏ మాటల్లో వచ్చాయన్నది వేరే ప్రశ్న. భాషాశాస్త్రం చదువుకున్న వాళ్లం గనుక ఇక్కడ కాస్త ఆగుతాము. ఒడియాలో తుఫానును ‘బాత్యా’ అంటారు. ఇది సంస్కృత ‘వాత్యా’. మన ‘తుఫాను’ అరబ్బీ, పారసీల మీదుగా వచ్చింది. ‘వాయుగుండం’, ‘అల్పపీడనం’ పత్రికల వల్లా రేడియో వల్లా జనంలోకి దిగిన మాటలు. ‘ఉప్పెన’ అలా కాదు. సముద్రం లేచి ఊరి మీదికి వస్తుందని ఆ ఒక్క మాట చెబుతుంది. 1977 నవంబరు 19న దివిసీమ మునిగిన తరవాత ఆ మాట బరువు తెలుగుదేశంలో ఎవరికీ వివరించనక్కరలేదు. ‘గంటకు ఇన్ని కిలోమీటర్ల గాలి’ అని చెప్పినప్పుడు జాలరి తన పడవను గట్టిగా కడతాడు. ‘ఉప్పెన వస్తుంది’ అంటే పిల్లల్ని ఎత్తుకుని లేస్తాడు. ఒడిశా అధికార భాష 1954 చట్టం ప్రకారం ఒడియా. ఆజ్ఞ ఆ భాషలో దిగుతుంది, పల్లెలో ఇంటిమాట తెలుగు. నడుమనున్న ఆ కొద్ది దూరాన్ని దాటించేవాడు ఏ ప్రభుత్వ పట్టికలోనూ కనబడడు. కులపెద్ద కావచ్చు, బడి పంతులు కావచ్చు, రెండు భాషలూ వచ్చిన పదో తరగతి పిల్ల కావచ్చు.

1999 డిసెంబరులోనే ఒడిశా ప్రభుత్వం విపత్తుల నిర్వహణకు ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. జాతీయ స్థాయి చట్టం వచ్చింది 2005లో, అంటే ఈ విషయంలో ఒడిశాయే ముందు నడిచింది. తరువాతి సంవత్సరాల్లో ఆశ్రయ భవనాలు వందల్లోకి పెరిగాయి, ఇప్పుడు ఎనిమిది వందలు దాటాయి. భవనాల సంఖ్య కన్నా వాటిని ఎవరి చేతిలో పెట్టారన్నది మాకు ముఖ్యంగా తోస్తుంది. ప్రతి ఆశ్రయానికీ ఊరివారితోనే ఒక కమిటీ. వెదికి తెచ్చేవారు, ప్రథమ చికిత్స చేసేవారు, ఆశ్రయంలో వసతులు చూసేవారు అని యువతీయువకులకు పనులు పంచి తర్ఫీదిచ్చారు. మామూలు రోజుల్లో ఆ భవనంలో బడి నడవవచ్చు, సభలు జరగవచ్చు. ఇది చిన్న ఏర్పాటులా కనిపిస్తుంది గాని, రోజూ తొక్కే గడప అయితేనే మనిషి చీకట్లో అటు నడుస్తాడు.

పరీక్ష 2013 అక్టోబరు 12 రాత్రి వచ్చింది. ఫైలిన్ తుఫాను 200 కిలోమీటర్లు దాటిన గాలితో గోపాలపూరు దగ్గరే, సరిగ్గా మనవారి పల్లెల మీదే, తీరం దాటింది. అంతకు ముందే ఒడిశాలో దాదాపు పది లక్షలమందిని తరలించారు. ఇళ్లు, పడవలు, వలలు, జీడితోటలు పోయాయి. ఆ తరవాతి వరదలను కలుపుకున్నా మృతులు యాభైకి లోపే. పడవను, వలను ఒడ్డున వదిలి రమ్మంటే జాలరి ఊరికే రాడు. వాటి విలువ అతని ఇంటి విలువ కన్నా ఎక్కువ. పోలీసు చెబితే వాదిస్తాడు, తనవాళ్లు చెబితే తిట్టుకుంటూనైనా లేస్తాడు. అందుకే పది లక్షల సంఖ్యను కేవలం కలెక్టర్ల దక్షతగా రాసే చరిత్రను మేము ఒప్పుకోలేము. కలెక్టర్ల దక్షత లేదనడం కాదు. వాహనాలు, ముందస్తు సమాచారం, బియ్యం అటునుంచే వచ్చాయి. ఊరిలోని గొంతు లేకపోతే ఆ వాహనాలు సగం ఖాళీగా తిరిగి వెళ్లేవి.

2020లో ఆపద గాలి నుంచి రాలేదు. గంజాం నుంచి లక్షలమంది సూరత్ మగ్గాల మీద పనిచేస్తారు. వారు తిరిగి వస్తారని తెలిసి, ఏప్రిల్ 19న ఒడిశా ప్రభుత్వం సర్పంచులకు తమ పంచాయతీ పరిధిలో కలెక్టరు అధికారాలు ఇచ్చింది. మే మొదటి వారంలో సూరత్ రైళ్లు గంజాం చేరసాగాయి. వచ్చినవారి పేర్లు రాసుకోవడం, బడిలోనో ఆశ్రయ భవనంలోనో ఉంచడం, అన్నం వండించడం అన్నీ పంచాయతీ పనే. స్త్రీల పొదుపు సంఘాలు వంటకు దిగాయి, మాస్కులు కుట్టాయి. గడువు పూర్తిచేసినవారికి ప్రభుత్వం రెండువేల రూపాయలిచ్చింది. తుఫానుకు నేర్చిన అలవాటే ఇక్కడా పనికివచ్చిందనవచ్చు.

అయితే దీన్ని విజయగాథగా చెప్పడం న్యాయం కాదు. ఆ జులైలో రాష్ట్రంలో అత్యధికంగా కేసులు నమోదైనది గంజాంలోనే. తుఫాను రెండు రోజుల్లో వెళ్లిపోతుంది, అంటువ్యాధి నెలల తరబడి ఊరిలోనే కూర్చుంటుంది. పక్కింటివాణ్ణి కాపాడటానికి అలవాటుపడిన పల్లె, పక్కింటివాణ్ణి దూరంగా ఉంచమంటే తడబడుతుంది. అధికారం సర్పంచుకు ఒక్క ఉత్తర్వుతో వస్తుంది. డాక్టరు, పరీక్ష పరికరం, పడక అలా రావు. మాటల సంగతి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో తెలుగు పత్రికలు ‘సామాజిక దూరం’ అన్న ప్రయోగాన్ని విరివిగా వాడాయి. కులాన్ని బట్టి మనుషుల్ని దూరం పెట్టిన దేశంలో ఆ మాట చెవికి ఎలా వినిపిస్తుందో అనువాదకులు ఆలోచించినట్లు లేదు. ‘భౌతిక దూరం’ ఆలస్యంగా వచ్చింది.

అదే సంవత్సరం ఆగస్టులో మరొక సంగతి జరిగింది. సునామీకి సన్నద్ధమైన గ్రామాలుగా భారతదేశంలో మొట్టమొదట యునెస్కో సముద్ర విజ్ఞాన సంఘం గుర్తింపు పొందినవి రెండు, రెండూ ఒడిశావే. వాటిలో ఒకటి గంజాం జిల్లాలోని వెంకట్రాయ్‌పూర్. (‘పురం’ ‘పూర్’ అయినా వెంకటరాయుడు పోలేదు!) రెండవదాని పేరు నోళియాసాహి, అంటే నోళియాల వాడ. ఈ గుర్తింపుకు శాస్త్రీయంగా తోడ్పడినది హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం. ఎటు పరుగెత్తాలో చూపే పటం, దారి గుర్తులు, రాత్రీ పగలూ హెచ్చరిక అందుకునే ఏర్పాటు, ఊరంతా పాల్గొనే కసరత్తు, ఇవి అందులోని నియమాలు. ఏవీ ఒక్క అధికారి సంతకంతో పూర్తయ్యేవి కావు.

2024 అక్టోబరులో దానా తుఫానుకు ముందు ఒడిశాలో 4,431 మంది గర్భిణులను ఆసుపత్రులకు చేర్చారని ముఖ్యమంత్రి ప్రకటించారు. వారిలో 1,600 మంది ప్రసవించారు. ఏ ఇంట్లో ఎవరికి నెలలు నిండాయో భువనేశ్వర్‌కు తెలియదు, వీధిలోని ఆశా కార్యకర్తకు తెలుసు. 1999లో ఈ రెండు చోట్లనూ కలిపే దారి లేదు.

బరంపురంలోనో పూరీ పెంటకోటలోనో బంధువులున్న విద్యార్థులు మన తరగతుల్లో ఎప్పుడూ ఉంటారు. 1999, 2013 సంవత్సరాల్లో తమ పల్లెలో మొదట ఇల్లు కదిలినవారెవరు, వారిని కదిలించిన మాట ఏమిటి, అది ఏ భాషలో చెప్పారు అని పెద్దలను అడిగి, వారు పలికినది పలికినట్లే రాసుకురమ్మని కోరుతున్నాము. 1999 నాటికి ముప్పై ఏళ్లున్నవారికి ఇప్పుడు యాభై అయిదు దాటాయి.