చెవికి లేని నిషేధం ముక్కుకెందుకు?

దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరంలో 2004 అక్టోబరులో, సెలవుల తరువాత బడికి తిరిగివచ్చిన ఒక విద్యార్థిని ముక్కున చిన్న బంగారు పుడక కనిపించింది. డర్బన్ గర్ల్స్ హైస్కూలు నియమావళి చెవిపోగులనూ చేతిగడియారాన్నీ షరతులతో అనుమతించేది. తక్కిన నగలు నిషిద్ధం. పుడక తీసివేయాలని పాఠశాల కోరింది. తల్లి అంగీకరించలేదు. యుక్తవయసు వచ్చిన ఆడపిల్లకు పుడక పెట్టడం తమ దక్షిణభారత కుటుంబ సంప్రదాయమనీ, పదహారవ పుట్టినరోజున అమ్మమ్మ దాని స్థానంలో వజ్రపు పుడక పెడుతుందనీ ఆమె వివరించింది.

ఆ సంప్రదాయం డర్బన్‌కు కొత్తగా వచ్చినది కాదు. మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో నౌక 1860 నవంబరు 16న ఆ రేవుకు చేరింది. 1911 వరకు లక్షన్నరకు పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా నేటాల్‌కు వెళ్ళారు. వారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. వర్ణవివక్ష పాలనలో వీరి పిల్లల బడులు వేరు. 1994 తరువాత అన్ని జాతుల పిల్లలూ ఒకే తరగతి గదిలో కూర్చున్నారు కాని, బడి నియమాలలో పాత అలవాట్లు నిలిచిపోయాయి.

డర్బన్‌లోని సమానత్వ న్యాయస్థానం 2005లో పాఠశాలను సమర్థించింది. 2006లో పీటర్‌మారిట్జ్‌బర్గ్ హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. చివరకు 2007 అక్టోబరు 5న రాజ్యాంగ న్యాయస్థానం పుడకను నిషేధించడం అన్యాయమైన వివక్ష అని తేల్చింది. మెజారిటీ తీర్పు రాసినవారు ప్రధాన న్యాయమూర్తి పయస్ లాంగా.

పాఠశాల వాదన బలహీనమైనదేమీ కాదు. ఏకరూప దుస్తుల వల్ల క్రమశిక్షణ నిలుస్తుంది. పైగా ముక్కుపుడక మతం విధించిన అనివార్య నియమం కాదని తల్లే ఒప్పుకుంది. లాంగా దీనికి రెండు సమాధానాలు చెప్పారు. మొదటిది, మనిషి తప్పనిసరై పాటించేదానికే కాక, ఇష్టపడి పాటించేదానికీ రక్షణ ఉండాలి. రెండవది, ఈ నియమం పైకి కనిపించినంత తటస్థమైనది కాదు. చెవిపోగుకూ శరీరాన్ని కుట్టాలి, ముక్కుపుడకకూ కుట్టాలి. ఒకటి సమాజంలో పైచేయిగా ఉన్నవారికి అలవాటైన అలంకారం కనుక సహజంగా తోచింది, రెండవది తోచలేదు.

వైద్యుల దృష్టిలోనూ ఈ భేదానికి పెద్ద ఆధారం లేదు. చెవి తమ్మె కంటే ముక్కుపుట మానడానికి ఎక్కువ కాలం పడుతుంది, శుభ్రత మరింత అవసరం. అది జాగ్రత్త చెప్పడానికి కారణమే కాని నిషేధానికి కాదు.

ఈ తీర్పు యూనిఫారాన్ని రద్దు చేయలేదు. మత, సాంస్కృతిక కారణాలతో కోరే మినహాయింపులను పరిశీలించే పద్ధతిని విద్యార్థులతో, తల్లిదండ్రులతో, ఉపాధ్యాయులతో సంప్రదించి నియమావళిలో చేర్చాలని ఆదేశించింది. అప్పటికి ఆ అమ్మాయి బడి విడిచిపోయింది. ఫలితం దక్కింది తరువాతివారికి.

భారతదేశంలో న్యాయస్థానాలు వేరే కొలబద్దను వాడుతున్నాయి. ఒక ఆచారం మతానికి అత్యావశ్యకమా కాదా అని అవి ముందుగా అడుగుతాయి. 2022 మార్చి 15న కర్ణాటక హైకోర్టు హిజాబ్ అటువంటిది కాదంటూ తరగతి గదిలో దాని నిషేధాన్ని సమర్థించింది. అదే ఏడాది అక్టోబరు 13న సుప్రీంకోర్టు ధర్మాసనంలోని ఇద్దరు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయాలు వెలువరించారు. నిషేధాన్ని తిరస్కరించిన జస్టిస్ సుధాంశు ధూలియా, ఇది చివరకు ఆ అమ్మాయి ఎంపికకు సంబంధించిన విషయమన్నారు. లాంగా ఆలోచనకు ఇది దగ్గరగానే ఉంది.

విదేశాలలో ఉన్న మనకు ముక్కుపుడక పక్షాన నిలబడడం సులువు. ఆ పుడక మన ఇంటిది. అదే న్యాయం పక్కింటి అమ్మాయి తలపై వస్త్రానికీ వర్తిస్తుందని ఒప్పుకోవడం కొంత కష్టం. డర్బన్ తీర్పు మనలను అడిగేది ఆ కష్టమైన అంగీకారాన్నే.