మూడు నెలలు ముట్టుకోకండి

ఇంప్లాంటు వేయించుకోవడానికి వెళ్లినవాళ్లంతా డాక్టరును అడిగేది ఒకటే: "పన్నెప్పుడు పెడతారండీ?" దవడలో మర బిగించే పని గంటలోపే అయిపోతుంది. ఆ తరవాత "మూడు నెలలాగి రండి" అంటారు. డబ్బు కట్టేశాం, మర బిగించేశారు, ఇంకా ఈ ఆగడమెందుకని లోపల్లోపల సణుక్కుంటూ బయటికొస్తాం. నేనూ సణుక్కున్నవాణ్ణే. నాలిక పదే పదే వెళ్లి ఆ ఖాళీనే తడుముతుంటే, ఈ గడువు పెట్టిన మహానుభావుడెవరా అని వెతకడం మొదలుపెట్టాను. ఆయన స్వీడన్‌లో దొరికాడు. ఆయనకు ముందున్న పెద్ద క్యూ కూడా దొరికింది. అందులో చాలామంది ఆగలేకపోయినవాళ్లే.

ఆ క్యూలో మొదట నిలబడ్డ మనిషికి పేరు లేదు, ఉత్త దవడే మిగిలింది. 1931లో హోండురాస్‌లో విల్సన్ పోపెనో, ఆయన భార్య డొరొతీ జరిపిన తవ్వకాల్లో అది బయటపడింది. దాదాపు క్రీ.శ. 600 నాటి మాయా ప్రజలది. కింది ముందు పళ్లు మూడింటి స్థానంలో, పళ్ల ఆకారంలో చెక్కిన గుల్ల ముక్కలున్నాయి. శవానికి అలంకారంగా పెట్టారేమో అని చాలాకాలం అనుకున్నారు. 1970ల్లో అమడియో బొబ్బియో అనే బ్రెజిల్ దంతవైద్యుడు ఎక్స్‌రే తీసి చూస్తే, రెండు ముక్కల చుట్టూ ఎముక పెరిగి ఉంది. శవానికి ఎముక పెరగదు కదా! ఆ మనిషి బతికుండగానే ఎవరో గుల్లను దవడలోకి దించారు, దవడ దాన్ని భరించింది. ఎలా దించారో, నొప్పికి ఏం ఇచ్చారో ఆ దవడ చెప్పదు.

అక్కణ్ణుంచి పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌కి వస్తే పంటి కోసం ఏ గుల్లా చెక్కనక్కర్లేదు, పేద పిల్లల నోళ్లున్నాయి. సర్జరీలో మహా పండితుడైన జాన్ హంటర్ మనిషి పన్నొకటి పీకి కోడిపుంజు జుట్టులో నాటాడు. అది అతుక్కుంది. పుంజు నెత్తురు పంటిలోకి పాకింది. ఆ నమూనాను లండన్‌లోని హంటీరియన్ మ్యూజియం దాచి ఉంచింది. పుంజు మీద అతుక్కున్నది దొరసాని నోట్లో అతుక్కోదా అన్న ధీమాతో, డబ్బున్నవాళ్ల ఖాళీల్లోకి పేదవాళ్ల పళ్లు అప్పటికప్పుడు పీకి నాటే వ్యాపారం జోరందుకుంది. 1787లో థామస్ రౌలండ్‌సన్ దీని మీద ఒక కార్టూను గీశాడు. ఒక పక్క సోకులు చేసుకున్న సంపన్నులు, ఇంకో పక్క నోరు పట్టుకుని ఏడుస్తూ వెళ్లే చింపిరి పిల్లలు. ఆ పళ్లు చాలావరకు కొన్నాళ్లకే కదిలి ఊడిపోయేవి. కొన్నిటితో పాటు సిఫిలిస్ కూడా వచ్చేది.

తరవాత లోహాల వంతు. 1809లో మజియోలో అనే దంతవైద్యుడు బంగారపు వేరు చేశాడు. 1913 నాటికి అమెరికాలోని కాన్సాస్‌లో గ్రీన్‌ఫీల్డ్ ఇరిడియం కలిపిన ప్లాటినం తీగెతో చిన్న పంజరం అల్లి, దాని సందుల్లోకి ఎముక పెరుగుతుందని ఆశపడ్డాడు. 1930ల్లో బోస్టన్‌లో స్ట్రాక్ సోదరులు కోబాల్టు, క్రోమియం కలిసిన వైటాలియం మరలు బిగించారు. ఒకటీ అరా ఏళ్ల తరబడి నిలిచిన మాట నిజమే. ఎక్కువ వాటికి మాత్రం ఒకే గతి పట్టింది.

కాల్లో ముల్లు విరిగి లోపలే ఉండిపోతే ఒళ్లు ఏం చేస్తుంది? బయటికి నెట్టేయడానికి చూస్తుంది. కుదరకపోతే దాని చుట్టూ పీచులాంటి కణజాలంతో ఒక తిత్తి కట్టి వెలివేస్తుంది. లోహపు వేర్లకూ అదే మర్యాద జరిగింది. ఎముకకూ లోహానికీ మధ్య మెత్తటి పీచు పొర ఏర్పడేది. నమిలినప్పుడల్లా వేరు అందులో ఊగేది, ఊగినకొద్దీ పొర మందమయ్యేది. విచిత్రమేమిటంటే, 1960ల్లో బాగా చెల్లుబాటైన ఇంప్లాంట్ల తయారీదారులు ఆ పీచు పొరే కావాలన్నారు. సహజమైన పంటికీ ఎముకకూ మధ్య సన్నటి స్నాయువు ఉంటుంది కదా, ఇదీ అలాంటిదేనని వాదించారు. ఓటమికి సిద్ధాంతం పేరు పెట్టుకోవడం అన్ని రంగాల్లోనూ ఉన్నదే. ఎముక నేరుగా లోహాన్ని పట్టుకోగలదని ఆ రోజుల్లో ఎవరన్నా అంటే నవ్వేవారు.

ఆ నవ్వులన్నీ భరించినవాడు పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్. 1929లో పుట్టాడు. దంతవైద్యుడు కాదు, పళ్ల మీద ఆసక్తీ లేదు. 1950ల్లో లూండ్ విశ్వవిద్యాలయంలో ఆయన చూడాలనుకున్నది నెత్తురు. బతికున్న ఎముక లోపల, మూలుగలో నెత్తురు ఎలా పారుతుందో కళ్లారా చూడాలి. దానికి కుందేలు కాలి ఎముకలో సన్నటి కిటికీలాంటి లోహపు గది ఒకటి అమర్చి, దాని గుండా సూక్ష్మదర్శినితో చూడాలి. ఏ లోహంతో చేయించాలన్నది ప్రశ్న. హాన్స్ ఎమ్‌నేయస్ అనే ఎముకల డాక్టరు టైటానియం ప్రయత్నించమన్నాడు. అప్పటికి అది విమానాల వాళ్లు వాడే కొత్త లోహం.

ఈ టైటానియం సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1791లో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో విలియం గ్రెగర్ అనే చర్చి ఫాదరీ అక్కడి వాగులోని నల్ల ఇసుకలో దీన్ని కనిపెట్టాడు. అలాంటి నల్ల ఇసుకే మన భీమిలి, కళింగపట్నం, భావనపాడు తీరాల్లోనూ ఉంది. దానిలోని ఇల్మెనైట్ టైటానియం ఖనిజమే. అయితే ఇసుకలోంచి లోహాన్ని విడదీయడం మహా కష్టం, ఎందుకంటే టైటానియానికి ఆక్సిజన్ మీద విపరీతమైన మోజు. ఆ మోజే తరవాత వరమైంది. గాలి తగిలిన క్షణంలోనే లోహం ఒంటి మీద ఆక్సైడు పొర కప్పేస్తుంది. ఆ పొర మందం కొన్ని నానోమీటర్లే, తల వెంట్రుకలో పదివేలో వంతు కూడా ఉండదు. గీత పడితే మళ్లీ వెంటనే కప్పుకుంటుంది. ఎముకకు తగిలేది ఆ పొరే, దాని వెనకున్న లోహం కాదు. ఆ పొర తుప్పు పట్టదు, లవణాల్లో కరగదు, ఒంటికి ఏ ఫిర్యాదూ పుట్టించదు.

నెత్తురు పరిశీలన ముగిశాక బ్రోనెమార్క్ ఆ ఖరీదైన గదుల్ని ఊడదీసి ఇంకో కుందేలుకు వాడుకుందామనుకున్నాడు. అవి ఊడిరాలేదు. ఎముక వాటిని పట్టేసింది. పరికరం పాడైందని విసుక్కోవాల్సిన చోట ఆయన ఆగి ఆలోచించాడు. నెత్తురు మీద పనిని మాత్రం మానలేదు. విద్యార్థుల చేతుల్లోనూ, వాళ్ల ఇష్టంతోనే, టైటానియం గదులు పెట్టి రక్తకణాల పరుగు చూశాడు. 1960ల్లో గోటెన్‌బర్గ్‌కు మారాక కుక్కల దవడల్లో టైటానియం మరలు బిగించి, ఎముక వాటినెలా పడుతుందో తరచి చూశాడు.

ఎముక లోహాన్ని పట్టే ఆ తతంగం మూడు నెలల గడువుకు అసలు కారణం, కాబట్టి తీరిగ్గా చూద్దాం.

మర కోసం రంధ్రం చేయడమంటే ఎముకకు గాయం చేయడమే. డ్రిల్లు వేడెక్కితే గాయం కాస్తా కాలినపుండవుతుంది. ఎముక 47 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్క నిమిషం ఉన్నా దెబ్బతింటుందని గోటెన్‌బర్గ్‌లోనే ఎరిక్సన్, ఆల్బ్రెక్ట్‌సన్ కుందేళ్లలో తేల్చారు. వేడి నీళ్ల స్నానానికి కాస్త పైమాట, అంతే. అందుకే నోట్లో అంత ఉప్పునీళ్లు పోస్తారు, డ్రిల్లును అంత నెమ్మదిగా తిప్పుతారు.

మర దిగగానే దాని చుట్టూ సందుల్లో నెత్తురు నిండి గడ్డకడుతుంది. ఆ గడ్డలో ఫైబ్రిన్ దారాలు సాలెగూడులా అల్లుకుని ఒక కొస ఎముకకు, ఇంకో కొస మరకు అంటుకుంటాయి. ఎముకను కట్టే కణాలు ఆ దారాలు పట్టుకునే లోహం దాకా పాకుతాయి. మర ఇప్పుడు కదిలితే దారాలు తెగుతాయి, దారి తెగిన కణాలు ఎముకకు బదులు పీచు అల్లుతాయి. కదలిక మిల్లీమీటరులో పదో వంతు దాటినా చాలు, పాత ముల్లు కథ పునరావృతమవుతుంది. మామిడికి అంటు కట్టే కడియం నర్సరీ మనిషిని అడగండి, అంత బిగించి ఎందుకు కడతావని. కొమ్మ కదిలితే అంటు పట్టదండీ అంటాడు. ఇక్కడా అంతే.

మొదటి వారాల్లో ఇంకో విచిత్రం జరుగుతుంది. డ్రిల్లు దెబ్బకు చచ్చిన ఎముకను ఎముకతినే కణాలు కొరికి శుభ్రం చేస్తాయి. బిగించిన రోజు మరను పట్టి ఉంచింది ఆ పాత ఎముకే. కొత్తది ఇంకా పూర్తిగా రాలేదు. దాంతో మూడు, నాలుగు వారాల దగ్గర మర పట్టు మొదటి రోజుకన్నా తగ్గుతుంది. పేషెంటుకు వాపు తగ్గి, నొప్పి పోయి, అంతా మానిపోయిందనిపించేది సరిగ్గా అప్పుడే. నాకూ అనిపించింది. ఒకరోజు వేరుశనగలు ఆ పక్కన నమలబోయి ఆగాను.

కొత్త ఎముక రెండు వైపుల నుంచి వస్తుంది: రంధ్రం గోడ నుంచి లోహం వైపుకూ, లోహం ఒంటి మీద నుంచి గోడ వైపుకూ. ముందు వచ్చేది హడావిడిగా అల్లిన ఎముక. పీచులు చిక్కుపడి, అప్పటికప్పుడు నిలబెట్టిన పందిరిలా ఉంటుంది. దాన్ని కూల్చి పొరలు పొరలుగా, నమిలే బలం ఎటు పడుతుందో చూసుకుంటూ, అసలు ఎముక కట్టుకుంటూ పోతుంది. ఆ మరమ్మతు ఏడాది దాటీ సాగుతుంది. బ్రోనెమార్క్ పద్ధతి ప్రకారం మర మీద చిగురు మూసేసి కింది దవడకు మూడు నెలలు, గుల్లగా ఉండే పై దవడకు ఆరు నెలలు ఏ బరువూ పడకుండా వదిలేయాలి. ఆయన నాటి నున్నటి మరల స్థానంలో ఈ రోజుల్లో గరుకు ఉపరితలమున్న మరలు వాడుతున్నారు గనక గడువు తగ్గింది, కొందరికి వెంటనే పన్ను పెట్టేస్తున్నారు కూడా. అయినా మొదటి వారాల్లో మర కదలకూడదన్న నియమం మారలేదు.

1965లో ఈ పద్ధతి మొదటి మనిషి నోట్లోకి వెళ్లింది. యోస్టా లార్సన్‌కు పుట్టుకతోనే అంగిలి చీలిక, దవడ లోపాలు, కింద పళ్లు లేవు. ఏ సెట్టూ నిలవదు. బ్రోనెమార్క్ ఆయన కింది దవడలో నాలుగు టైటానియం మరలు బిగించి, నెలలు ఆగి, వాటి మీద పళ్లు కట్టాడు. 2006లో లార్సన్ చనిపోయేదాకా, అంటే నలభై ఏళ్లకు పైగా, ఆ మరలు ఆయనకు అన్నం పెట్టాయి.

ఇంత జరిగినా దంతవైద్యులు నమ్మలేదు. పళ్ల గురించి అనాటమీ ప్రొఫెసరు చెప్పడమేమిటన్న కోపం సగం, నిజమైన సందేహం సగం. సందేహంలో న్యాయం ఉంది. ఎముకకూ లోహానికీ మధ్య పీచు పొర లేదని ఎలా రుజువు చేస్తారు? ఎక్స్‌రేలో అంత సన్నటిది కనబడదు. సూక్ష్మదర్శిని కింద పెట్టాలంటే లోహం కోతకు రాదు, లోహం లాగేస్తే అంచు చెదిరిపోతుంది. 1970ల్లో స్విట్జర్లాండ్‌లో ఆండ్రే ష్రోడర్ బృందం ఎముకనూ లోహాన్నీ విడదీయకుండా కలిపే పలచగా కోసి చూపించింది. ఎముక లోహాన్ని ఆనుకునే ఉంది. 1977లో బ్రోనెమార్క్ పదేళ్ల పేషెంట్ల లెక్కలు ప్రచురించాడు. 1982లో జార్జ్ జార్బ్ టొరంటోలో పెట్టిన సభ తరవాత అమెరికా ఖండం ఆయన మాటకు తల ఊపింది. ఇంతకీ ఆ పట్టుకు ఆయన పెట్టిన పేరు ఆసియోఇంటిగ్రేషన్. ఎముకతో ఏకమవడం అనుకోవచ్చు.

ఇంతదాకా ఎముక సంగతే. చిగురు మాట ఎవరూ ఎత్తలేదు, ఆ రోజుల్లో పరిశోధకులూ పెద్దగా ఎత్తలేదు.

చిగురు పని కావలి. ఒంట్లో చర్మాన్నీ పొరనూ చీల్చుకుని గట్టి వస్తువు బయటికి పొడుచుకొచ్చే చోటు పన్నే. నోట్లో ఉండే సూక్ష్మజీవులన్నీ ఆ అంచు దగ్గరే కాచుకుంటాయి. సహజమైన పంటి వేరు మీద సిమెంటం అనే పొర ఉంటుంది. చిగురులోని పీచులు గుడారం తాళ్లు మేకులకు కట్టినట్టు నేరుగా దానిలోకి దిగి బిగుస్తాయి. ఇంప్లాంటుకు సిమెంటం లేదు. పీచులు లోహంలోకి దిగలేవు. దాని పొడవునా నిలువుగా పరుచుకుంటాయి, లేదా చుట్టూ పట్టీలా తిరుగుతాయి. 1990ల మొదట్లో అదే గోటెన్‌బర్గ్‌లో బెర్గ్లుండ్, లిండే బృందం కుక్కల్లో కొలిచి చూపిన సంగతి ఇది. పై పొర కణాలు లోహానికి అతుక్కుంటాయి, ఆరేడు వారాల్లో పట్టీ కుదురుతుంది, మొత్తం ఎత్తు మూడు, నాలుగు మిల్లీమీటర్ల దాకా వస్తుంది. బయటికి చూస్తే పంటి చిగురుకీ దీనికీ తేడా తెలియదు. లోపల మాత్రం అది మచ్చలాంటి కణజాలం: కణాలు తక్కువ, పీచు ఎక్కువ, నెత్తురు తక్కువ. పంటి చుట్టూ ఉండే స్నాయువులోంచి చిగురుకు వచ్చే నెత్తురు ఇక్కడ రాదు, ఎందుకంటే ఆ స్నాయువే లేదు. ఆ లోటు నమిలేటప్పుడూ తెలుస్తుంది. అన్నంలో చిన్న రాయి పడితే సొంత పన్ను ఠక్కున పట్టేస్తుంది, ఇంప్లాంటుకు మొద్దుగా తగులుతుంది.

ఎముక లోహాన్ని ఇంటి అల్లుణ్ణి చేసుకుంటే, చిగురు అద్దెకిచ్చి ఊరుకుంది. గార పేరుకుని వాపు మొదలైతే ఆ బలహీనమైన పట్టీ పంటి చిగురంత బాగా అడ్డుకోలేదు. వాపు ఎముకదాకా దిగుతుంది. నెలల తరబడి కట్టుకున్న ఎముక మర చుట్టూ గిన్నెలా తరుగుతూ పోతుంది. మర మాత్రం కదలదు, నొప్పీ ఉండకపోవచ్చు. కింద మిగిలిన కాస్త ఎముక ఇంకా గట్టిగా పట్టుకునే ఉంటుంది కదా. అది కదిలే రోజుకు పట్టుకోవడానికి ఏమీ మిగలదు. 2016లో గోటెన్‌బర్గ్ పరిశోధకులు స్వీడన్‌లో ఇంప్లాంట్లు వేయించుకుని తొమ్మిదేళ్లయిన 588 మందిని పరీక్షించారు. 45 శాతం మందిలో ఈ జబ్బు ఆనవాళ్లు కనబడ్డాయి. మధ్యస్థం నుంచి తీవ్రం దాకా వెళ్లినవాళ్లు 14.5 శాతం.

బ్రోనెమార్క్ 2014 డిసెంబరులో పోయాడు. ఆయన కుందేలు గది నుంచి బయల్దేరిన సూత్రంతోనే వినికిడి యంత్రాలు పుర్రెకు బిగించారు, కాళ్లు పోయినవాళ్లకు కృత్రిమ కాళ్లు తొడ ఎముకకే కలిపారు. వాటన్నిటిలోనూ ఎముక పెద్దగా పేచీ పెట్టలేదు. పేచీ ఎక్కువగా చర్మం దగ్గరే, లోహం బయటి లోకంలోకి తల పెట్టే ఆ వేలెడు చోటులోనే వస్తోంది.

నా మూడు నెలలూ అయిపోయి పన్ను పెట్టిన రోజున డాక్టరు ఎక్స్‌రే చూపించి, ఎముక బాగా పట్టిందన్నారు. తరవాత డ్రాయరులోంచి అగ్గిపుల్లంత సన్నటి బ్రష్షొకటి తీసి, అద్దం చేతికిచ్చి, పన్నుకూ చిగురుకూ మధ్య అదెలా దూర్చాలో నా చేత మూడుసార్లు చేయించారు. ఇది ఎన్నాళ్లు చేయాలండీ అని అడిగాను. ఆవిడ నవ్వి, తరవాతి పేషెంటును పిలిచారు.