పాత ఊరిలో కొత్త కట్టడం – ఎడింబరోలో నేర్చుకొన్న సంధి



వాస్తుశిల్పం నా విషయం కాదు. ముప్పది నాలుగేండ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పినవాడిని. సంధులు, సమాసాలు, ఛందస్సు – నాకు తెలిసిన కట్టడాలు ఇవే. అయినా ఈ విషయమై వ్రాయటానికి ఒక కారణమున్నది.

నేను పనిచేసిన బడిలో పెంకుల పైకప్పు, పొడుగాటి వసారా, ఇటుక కమానులు గల పాత భవనం ఒకటి ఉండేది. దాని ప్రక్కన కొత్త గదులు కట్టవలసి వచ్చినప్పుడు సభలో లేచి, కొత్తది అచ్చం పాతదానివలెనే ఉండాలని గట్టిగా వాదించినవాడిని నేనే. నా మాట నెగ్గింది. మామూలు స్లాబు గదులు కట్టి, వాటి ముఖాన సిమెంటు కమానులు అతికించారు. ఆ కమానుల క్రింద నీడ లేదు, మనిషి నడిచే చోటు లేదు. రెండు వానాకాలాలకే పగుళ్ళు చూపాయి. పదవీ విరమణ చేసేదాకా ప్రతిదినమూ వాటి ముందునుండే తరగతికి వెళ్ళాను. ఎక్కడో పొరబడ్డానని తెలుస్తూనే ఉన్నది; ఎక్కడో మాత్రం తెలియలేదు.

అది తెలిసింది స్కాట్లండులో. 2012 వేసవిలో మా అమ్మాయి కుటుంబం ఎడింబరోలో ఉండగా రెండు నెలలు వారివద్ద గడిపాను. పొద్దుటే బయలుదేరి ఆ ఊరి వీధులు నడవటమే నాకు పని.

ఎడింబరో నడిబొడ్డున రెండు ఊళ్ళున్నాయి. కొండమీది కోటనుండి క్రిందనున్న హోలీరూడ్ రాజభవనం వరకు చేపవెన్నువలె సాగే రాయల్ మైల్ వీధి, దానికి ఇరువైపులా ముళ్ళవలె చీలిన ఇరుకు సందులు – ఇది పాతపట్నం. దీనికి ఉత్తరాన, 1767లో ఆమోదం పొందిన జేమ్స్ క్రెయిగ్ పథకం ప్రకారం గీత గీచినట్లు కట్టిన వీధులు – అది కొత్తపట్నం. రెంటినీ కలిపి 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. రెండువందల యాభై ఏండ్లనాటిదైనా రెండవదాని పేరు ఇప్పటికీ కొత్తపట్నమే! నేడు మనం పురాతనమని చేతులు జోడించేది ఒకనాడు ఆధునికమేనన్న సంగతి ఆ పేరులోనే ఉన్నది.

అట్లాగని కొత్తదంతా అక్కడ మేలు చేయలేదు. 1960లలో విశ్వవిద్యాలయ విస్తరణకోసం జార్జ్ స్క్వేర్ లోని పద్ధెనిమిదవ శతాబ్దపు ఇండ్లను చాలావరకు పడగొట్టి, బహుళ అంతస్తుల కట్టడాలు లేపారు. ఆ గాయాన్ని ఊరు మరువలేదు. కనుక ఆ తరువాత పాతపట్నంలో కొత్త రాయి పెట్టబోయిన ప్రతివాడినీ జనం అనుమానంగానే చూచారు.

అంతకు ముందే మరొక దారి చూపినవాడు పాట్రిక్ గెడ్డిస్. 1880లలో ఆయన సంసారంతో సహా పాతపట్నపు మురికి సందుల్లో కాపురం పెట్టాడు. వాడంతా కూల్చనక్కరలేదు, గాలీ వెలుతురూ అడ్డుకొంటున్న ఒకటి రెండు కట్టడాలు మాత్రం తొలగించి మిగిలినవి బాగుచేస్తే చాలునన్నది ఆయన పద్ధతి. రోగి బ్రతకాలి, రోగమే పోవాలి అనే శస్త్రవైద్యుని తీరు అది. ఈయన మనకు పరాయివాడు కాడు. 1914లో భారతదేశానికి వచ్చి మద్రాసు రాజధానిలోని పట్టణాలు తిరిగి నివేదికలు వ్రాశాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి తగిన స్థలం చూడమని నిజాం ప్రభుత్వం పిలిస్తే 1923లో నివేదిక ఇచ్చాడు.

ఇక నేను చూచిన కట్టడాలలో మొదటిది ఛేంబర్స్ వీధి మూలనున్న స్కాట్లండ్ మ్యూజియం. బెన్సన్, ఫోర్సైత్ అనే వాస్తుశిల్పులు రూపొందించగా 1998 నవంబరు 30న, అంటే వారి సెయింట్ ఆండ్రూ పండుగనాడు, ప్రారంభమైనది. దానినానుకొని 1866లో తెరచిన విక్టోరియా కాలపు మ్యూజియమున్నది. కొత్తదాని నమూనాను ఎంపిక చేసిన తీరు నచ్చక, నాడు యువరాజైన ఛార్లెస్ 1991లో ఆ సంస్థ పోషకుల అధ్యక్షపదవిని వదులుకొన్నాడు. ఇంత రగడ జరిగిన కట్టడాన్ని చూద్దామని వెళ్ళాను. వీధిమలుపులో గుండ్రని బురుజు ఒకటి నిలిచి ఉన్నది. పైకి చూస్తే ఎడింబరో కోటలోని అర్ధచంద్ర బురుజు గుర్తుకు వస్తుంది. కానీ అది కోటబురుజుకు నకలు కాదు. ఉత్తరాన మోరే ప్రాంతంనుండి తెచ్చిన బంగారు వన్నె ఇసుకరాతి పలకలను నున్నగా తాపడం చేసి, నేటి గోడలోనే నేటి కిటికీలు కోశారు. తాతగారి ముక్కు మనుమడికి వచ్చినట్లున్నది; తాతగారి కోటు తొడిగినట్లు లేదు.

రెండవది రాయల్ మైల్ కొసన, రాజభవనానికెదురుగానున్న పార్లమెంటు. దీని కథ ఒక మహాకావ్యానికి సరిపోతుంది. 1707లో ఇంగ్లండుతో ఐక్యమై స్కాట్లండ్ తన పార్లమెంటును పోగొట్టుకొన్నది. 1997 సెప్టెంబరు 11 నాటి ప్రజాభిప్రాయ సేకరణతో దానిని తిరిగి తెచ్చుకొన్నది. బీరు తయారుచేసే కర్మాగారం ఒకటి ఉండిన స్థలంలో కొత్త భవనం కట్టటానికి 1998లో బార్సిలోనాకు చెందిన ఎన్రిక్ మిరాయెస్‌ను ఎన్నుకొన్నారు. ఆయన 2000 జులైలో నలభై అయిదేండ్లకే మరణించాడు. దీనిని తలకెత్తుకొన్న ప్రథమ మంత్రి డొనాల్డ్ డ్యూవర్ అదే అక్టోబరులో పోయాడు. మిరాయెస్ భార్య, సహశిల్పి అయిన బెనెడెట్టా తాల్యాబూయే పనిని ముందుకు నడిపింది. 1997లో ఒకటినుండి నాలుగు కోట్ల పౌనులన్న అంచనా చివరకు 41 కోట్లు దాటింది. విచారణ సంఘం కూర్చున్నది. 2004 అక్టోబరు 9న రాణి ప్రారంభించింది. 2005లో స్టర్లింగ్ బహుమతి వచ్చింది. 2006 మార్చిలో సభామందిరపు పైకప్పునుండి ఓక్ దూలమొకటి ఊడి వ్రేలాడగా సభను కొన్ని వారాలు వేరేచోటికి మార్చారు. మెప్పులతోపాటు ఇవీ చెప్పకపోతే అసత్యమవుతుంది.

అయినా లోపలకు వెళ్ళి చూచినప్పుడు నా మనస్సు మారింది. ఆ ఆవరణలో క్వీన్స్‌బరీ హౌస్ అనే పదిహేడవ శతాబ్దపు ఇల్లున్నది. 1707 నాటి ఐక్యతను నడిపించిన క్వీన్స్‌బరీ డ్యూకు ఇల్లే అది. పార్లమెంటును ఎత్తివేయించినవాని ఇంటిని పార్లమెంటు కూల్చలేదు. బాగుచేసి తన కడుపులో పెట్టుకొన్నది. ఆ ఇంటికీ కొత్త భవనాలకూ నడుమ ఉద్యాన మందిరమని ఒక విశాలమైన చావడి. దాని పైకప్పులో ఆకుల ఆకారంలో గాజుకప్పులు. వాటినుండి ఆకాశపు వెలుగు దిగుతుంది. ఆ వెలుగులో ఒకవైపు పాత గోడ, మరొకవైపు కొత్త గోడ. రెండూ పూర్తిగా తమంతట తాముగానే ఉన్నాయి.

"నాన్నగారూ, ఏమిటట్లా నిలబడిపోయారు?" అన్నది అమ్మాయి.

"యడాగమమమ్మా" అన్నాను. అది నవ్వింది కానీ నేను నిజమే చెప్పాను. మా, అమ్మ అనే రెండు మాటలు కలిసినప్పుడు ఏ అచ్చూ లోపించక నడుమ ఒక యకారం వచ్చి 'మాయమ్మ' అవుతుంది. దేని రూపమూ చెడదు. ఒకటి మరొకదానివలె నటించదు. కలిపేది నడుమ వచ్చిన ఆ చిన్న అక్షరం. మా బడిలో లోపించినది అదే. కొత్త గదులకూ పాత వసారాకూ నడుమ పిల్లలు నిలిచే నీడపట్టు ఒకటి ఉండవలసినది. నేను మాత్రం ముఖానికి రంగు పూయించాను.

ఆ భవనపు వీధిగోడలో స్కాట్లండ్ నలుమూలల రాళ్ళు పొదిగి, కవుల మాటలు చెక్కారు. అక్కడికి కొద్ది దూరంలో ఒక సందులో స్కాటిష్ పొయెట్రీ లైబ్రరీ ఉన్నది. 1999లో మాల్కమ్ ఫ్రేజర్ కట్టిన ఇల్లు. కవిత్వానికి ఒక ఇల్లు, అదీ పాత ఊరి నడుమ! అసూయపడ్డానని ఒప్పుకొంటాను.

నకలు ఎన్నటికీ కూడదా అని మీరడగవచ్చు. దానికి గ్లాస్గో జవాబిస్తుంది. అక్కడ మాకింటాష్ 1897–1909 మధ్య కట్టిన కళాశాల ఉన్నది. దానికెదురుగా 2014లో అమెరికను శిల్పి స్టీవెన్ హోల్ గాజుతో కొత్త భవనం కట్టాడు. అదే ఏడు మే 23న మాకింటాష్ భవనం అగ్నికి గురైనది. పునరుద్ధరణ సాగుతుండగా 2018 జూన్ 15న మళ్ళీ కాలింది, ఈసారి మరింత ఘోరంగా. దానిని ఉన్నదున్నట్లు తిరిగి కట్టటమే మేలని కళాశాలవారు 2021లో ప్రకటించారు. నాకది సబబుగానే తోచింది. చెదలు తిన్న తాళపత్రాన్ని ప్రత్యంతరాలతో సరిచూచి పాఠం నిలబెట్టటం పరిష్కరణ. కవి వ్రాయని పద్యాన్ని ఆయన శైలిలో అల్లి కావ్యంలో దూర్చటం ప్రక్షిప్తం. మొదటిది పూర్వుల ఋణం తీర్చుకోవటం, రెండవది వారి పేరిట అబద్ధమాడటం. చూపులకు రెండూ ఒకటే అనిపించవచ్చు.

మా బడి కమానులు ప్రక్షిప్తాలు. ఆ తప్పు నాది. ఇప్పుడు ఆ పాత భవనం కూడా లేదని, దాని స్థానంలో మరో స్లాబు వచ్చిందని విన్నాను. మీ ఊరి బడిలోనో గుడిలోనో గ్రంథాలయంలోనో పాతదాని ప్రక్కన కొత్తది కట్టే మాట వస్తే, సభలో లేచేవారు మీలో ఎవరైనా ఉంటారు. పాతదానివలె కట్టండనీ, పాతది కూల్చండనీ అనకముందు, రెంటి నడుమ ఏముండాలో ఒక్కసారి అడగండి.

తప్పులుంటే పెద్దలు దిద్దగలరు. సెలవు.