అమెరికాలో ఈవీ కొంటున్నారా? ముందు పార్కింగ్, వీసా చూసుకోండి

కొత్త ఎలక్ట్రిక్ కారుపై 7,500 డాలర్ల వరకు ఇచ్చిన ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ 2025 సెప్టెంబరు 30తో ముగిసింది. పాత వీడియోలు చూసి ఆ డబ్బు లెక్కలో వేసుకోవద్దు. టెక్సాస్‌లోనైతే ఈవీకి ఏటా 200 డాలర్ల అదనపు ఫీజు కూడా ఉంది.

అసలు తేల్చుకోవాల్సింది రాత్రిపూట ఛార్జింగ్ ఎక్కడన్నది. సొంతింటి గ్యారేజీలో 240 వోల్టుల లైను వేయించుకుంటే సాధారణంగా తెల్లారేసరికి కారు సిద్ధం. మామూలు 120 వోల్టుల ప్లగ్గుతో గంటకు 3 నుంచి 5 మైళ్లే. అపార్ట్‌మెంట్‌లో అదీ లేకపోతే బయటి ఫాస్ట్ ఛార్జర్లే దిక్కు. అక్కడి రేటుతో గ్యాస్ ఖర్చులో మిగిలేది తక్కువే.

హెచ్‌1బీపై ఉన్నవారికి ఇంకో చిక్కు. ఉద్యోగం పోతే గ్రేస్ పీరియడ్ గరిష్ఠంగా 60 రోజులు. కొత్త ఈవీల రీసేల్ ధర త్వరగా పడిపోతుంది; హడావుడిగా అమ్మితే లోను తీరేంత కూడా రాకపోవచ్చు. లీజు మధ్యలో వదిలేసినా చార్జీలు తప్పవు. ఇండియాకు తెచ్చుకుందామా అంటే, ఎడమవైపు స్టీరింగ్ ఉన్న కారును మామూలుగా దిగుమతి చేసుకోనివ్వరు.

ఎన్నాళ్లుంటారో తెలియనప్పుడు రెండు మూడేళ్లు వాడిన ఈవీ నయం. ధర పడిపోయిన భారం మొదటి ఓనరే మోసి ఉంటాడు. చాలా కంపెనీల బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా లక్ష మైళ్లు. అందులో ఎంత మిగిలిందో, మీ పేరుకు మారుతుందో అడిగాకే అడ్వాన్స్ ఇవ్వండి.