కెఫీర్ గింజ చరిత్ర

పాలు తోడు పెట్టడం తెలియని తెలుగు ఇల్లు అరుదు. గోరువెచ్చని పాలలో నిన్నటి పెరుగు కొద్దిగా కలిపితే తెల్లవారేసరికి గడ్డపెరుగు సిద్ధమవుతుంది. ఒకనాడు తోడు లేకపోతే పొరుగింటికి గిన్నె పంపిస్తే సరిపోతుంది. కాని ఈ తోడు గింజల రూపంలో ఉండి, పాలు పులిసిన తరువాత వడగట్టి తీసి, మళ్ళీ కొత్త పాలలో వేసుకోవడానికి వీలైతే ఎట్లా ఉంటుంది? అటువంటి తోడు నిజంగానే ఉన్నది.

నల్లసముద్రానికీ, కాస్పియన్ సముద్రానికీ నడుమ కాకసస్ పర్వతాలున్నవి. వాటి ఉత్తరపు వాలులలో నివసించే కరచాయ్, బల్కార్, ఒసెట్ మొదలైన జాతులవారు ఈ గింజలతో తరతరాలుగా పాలను పులియబెడుతూ వచ్చారు. పూర్వం ఇందుకు మేకతోలు తిత్తులను వాడేవారు. పుల్లగా, కొంచెం నురుగుతో ఉండే ఆ పానీయమే కెఫీర్. గింజలను మహమ్మదు ప్రవక్త ప్రసాదించాడనీ, పరాయివారికి ఇస్తే వాటి మహిమ నశిస్తుందనీ ఒక ఐతిహ్యం ఆ ప్రాంతంలో ఉన్నది. ఐతిహ్యం మాట ఎట్లా ఉన్నా, దాని వెనుక ఒక అనుభవం కనిపిస్తున్నది. గింజ గింజనుంచే వస్తుంది. ఉన్నదానిని పోగొట్టుకుంటే మళ్ళీ సంపాదించడం కష్టం.

గింజ అని పేరేగాని ఇది విత్తనం కాదు, మొలకెత్తదు. చూడటానికి చిన్న కాలీఫ్లవరు ముక్కవలె, తెల్లగా లేక లేత పసుపుగా ఉంటుంది. నొక్కితే రబ్బరువలె సాగుతుంది. కొన్ని మిల్లీమీటర్లు మొదలుకొని రెండు మూడు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. అయితే ఇది ఏమిటి?

ఈ ప్రశ్నకు సమాధానం ఒక్కసారిగా లభించలేదు. 1881లో ఎడ్వర్డ్ కెర్న్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు గింజను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అందులో ఒక ఈస్టు, ఒక బాక్టీరియా ఉన్నవని ప్రకటించాడు. ఆ బాక్టీరియా కణంలో రెండేసి సిద్ధబీజాలున్నట్లు తోచడంచేత దానికి డిస్పోరా కాకసికా అని పేరు పెట్టాడు. ఆ పేరు నిలవలేదు. 1889లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైయెరింక్ ఇదే సమస్యను చేపట్టి, ఈస్టుకూ బాక్టీరియాకూ వేరే పేర్లు పెట్టాడు. కెఫీర్‌ను తయారుచేసే జీవి ఏది అనేదే ఆనాటివారి అన్వేషణ.

1967లో హాలెండులోనే లా రివియేర్, కూయిమన్ మొదలైనవారు గింజకు సాగుడు గుణం ఇచ్చే పదార్థాన్ని వర్ణించారు. అది గ్లూకోజు, గాలక్టోజు అనే చక్కెరలు గొలుసుగా కలిసి ఏర్పడినది. దానికి కెఫిరాన్ అని పేరు. దానిని తయారుచేసేది లాక్టోబాసిల్లస్ బ్రెవిస్ అని వారు భావించారు. కాని 1988లో జపాను శాస్త్రజ్ఞులు కెఫిరాన్‌ను చేసే ఒక కొత్త జాతిని వర్ణించి, లాక్టోబాసిల్లస్ కెఫిరానోఫేసియన్స్ అని నామకరణం చేశారు.

అయితే గింజకు ఈ బాక్టీరియాయే యజమాని అనుకోవచ్చునా? 2021లో ప్రకటించిన ఒక పరిశోధన ఇందుకు భిన్నమైన సమాధానం ఇచ్చింది. గింజలో అధిక సంఖ్యలో ఉండే ఈ జీవి, ఒంటరిగా పాలలో పెరగలేకపోయింది. తోడి సూక్ష్మజీవులు విడుదల చేసే పోషకాలు దానికి అవసరం. ఆ జీవులకు గింజ నివాసం కల్పిస్తుంది. అనగా గింజ ఒక జీవి కాదు. పదులకొద్దీ జాతుల బాక్టీరియాలూ, ఈస్టులూ కలిసి కాపురం చేసే ఒక ఊరు. విడదీసిన నివాసులను తెచ్చి పాలలో కలిపినంతమాత్రాన ఆ ఊరు సులభంగా తిరిగి వెలవదు.

ఈ ఊరు ఎంత ప్రాచీనమైనది? చైనా పశ్చిమ భాగాన తారిమ్ లోయలోని షియావోహ శ్మశానవాటికలో, ఎడారి పొడిగాలికి చెడకుండా నిలిచిన శవాలతోపాటు జున్నువంటి పదార్థం దొరికింది. దాని వయస్సు 3,300 నుంచి 3,600 సంవత్సరాలు. 2024లో దాని డి.ఎన్.ఏ.ను పరీక్షించినప్పుడు, కెఫిరాన్‌ను చేసే ఆ బాక్టీరియా జాడే కనిపించింది. అంతటి ప్రాచీనకాలంలోనే పశుపాలకులు సూక్ష్మజీవుల ఉనికి తెలియకుండానే వాటిని పోషించారన్నమాట.

నేడు ఇంటిలో కెఫీర్ చేసేవారి పని కూడా అదే. కాచి పూర్తిగా చల్లార్చిన అర లీటరు పాలలో 20, 25 గ్రాముల గింజలు వేసి, పాత్రను అంచుదాకా నింపక, మూత వదులుగా పెట్టాలి. ఈస్టులు విడుదల చేసే బొగ్గుపులుసు వాయువు బయటికి పోవాలి కదా! 20 నుంచి 25 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో సుమారు ఒక దినానికి పాలు చిక్కబడతాయి. వడగట్టి, గింజలను వెంటనే కొత్త పాలలో వేయాలి. పాలు వేడిగా ఉంటే ఊరు ఊరంతా నశిస్తుంది. మన వేసవిలో పులుపు త్వరగా ఎక్కుతుంది కనుక, గింజలనో కాలాన్నో తగ్గించాలి. కొద్ది రోజులు విరామం కావలసినప్పుడు గింజలను పాలలోనే ఉంచి రిఫ్రిజిరేటరులో పెట్టవచ్చును. బూజు పట్టితే పారవేయడమే మేలు.

చాలా దేశాలలో కర్మాగారాలు గింజలకు బదులు ఎంపిక చేసిన సూక్ష్మజీవుల పొడిని వాడుతున్నవి. ఆ పద్ధతిలో పానీయం వస్తుంది గాని గింజ పెరగదు. కనుక గింజ వంశం నిలవడం చాలావరకు దానికి పాలు పోసేవారి మీదనే ఆధారపడి ఉన్నది. సరిగా పోషిస్తే గింజలు వారం వారం బరువు పెరుగుతాయి. విద్యార్థులు తూచి చూడవచ్చును. మిగిలినవాటిని ఇతరులకు పంచిపెట్టాలి. ఇస్తే మహిమ పోతుందన్నది పాత నమ్మకం. కాని ఒకే ఇంట దాచిన గింజ ఒక్కనాటి ఏమరుపాటుతో అంతరించవచ్చును. పది ఇళ్ళకు పంచినది ఒక ఇంట పోయినా మరొక ఇంట బ్రతికే ఉంటుంది. గిన్నె పట్టుకొని వెళితే తిరిగి దొరుకుతుంది.